నంది కొండ దారిలో టైటానియం బండి కొలతలు

రోడ్డు సైకిల్‌కు ఎదురయ్యేవన్నీ బెంగళూరు దగ్గరి నంది కొండ దారిలోనే ఉన్నాయి. హెబ్బాళ నుంచి దేవనహళ్లి దాకా హైవే పక్కన సర్వీస్ రోడ్డు, నంది క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్లు, ఆపైన ఏడెనిమిది కిలోమీటర్ల ఘాటు రోడ్డు ఎక్కుడు, తిరుగుదారిలో అదే ఘాటు దిగుడు. డిస్క్ బ్రేకులతో టైటానియం ఫ్రేమ్ ఆర్డర్ పెట్టబోతున్న మా బావమరిదిని వెంటబెట్టుకుని తెల్లవారక ముందే బయల్దేరింది అందుకే. ఫ్రేమ్ ఒకసారి వచ్చాక గేర్లు, చక్రాలు, హ్యాండిల్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, వెల్డింగ్‌తో అతికినవి మాత్రం మారవు. కాబట్టి వెల్డ్ అయ్యేవి ముందు తేల్చుకోవాలి, బోల్టుతో బిగేవి తర్వాత చూసుకోవచ్చు.

హెబ్బాళ దాటాక యలహంక వైపు సర్వీస్ రోడ్డులో కాంక్రీటు అతుకులు, మ్యాన్‌హోల్ మూతలు వరసగా తగులుతాయి. టైటానియం కుదుపుల్ని మింగేస్తుందని సైకిల్ షాపుల్లో తరచూ చెబుతారు. అది సగమే నిజం. నిలువు దిశలో ఫ్రేమ్ త్రికోణం వంగేది చాలా తక్కువ. కుదుపును ఎక్కువగా తీసుకునేది టైరు, ఆ తర్వాత సీటును మోసే కడ్డీ, అంటే సీట్‌పోస్ట్. 75 కిలోల మనిషికి 32 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరులో ముందు 50, వెనక 55 పీఎస్‌ఐ గాలి సరిపోతుంది. 25 మి.మీ. టైరులో 90 కొట్టించుకుని ఫ్రేమ్ గట్టిగా ఉందనడం అన్యాయం. టైరు అంచును పట్టే కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ అయితే 72.5 పీఎస్‌ఐ దాటకూడదు.

ఇక్కడే మొదటి వెల్డ్ నిర్ణయం వస్తుంది: వెనక టైరుకు ఎంత చోటు? టైరు మీద 32 అని రాసి ఉన్నా, లోపలి వెడల్పు 25 మి.మీ. ఉన్న రిమ్ మీద అది 34కు దగ్గరగా ఉబ్బుతుంది. అందుకని తయారీదారు గీసే డ్రాయింగ్‌లో “32 టైరు పడుతుంది” అని కాకుండా “కొలిచిన వెడల్పు 35 మి.మీ., రెండు పక్కలా కనీసం 5 మి.మీ. ఖాళీ” అని రాయించాలి. వానాకాలంలో బెంగళూరు ఎర్రమట్టి టైరుకు అంటుకుని చైన్‌స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే గొట్టం) లోపలి వైపు ఒరుసుకుంటుంది. ఆ ఖాళీ అందుకోసమే. దీనికి చైన్‌స్టే 420 మి.మీ. దగ్గర ఉంటే పని సులువు. 410కి కుదించమంటే ఆ చోట గొట్టాన్ని బాగా నొక్కి అణచాల్సి వస్తుంది.

సీట్‌పోస్ట్ 27.2 మి.మీ. అడగమన్నాను. 31.6 కంటే సన్నం కాబట్టి కాస్త వంగుతుంది, దొరకడమూ తేలిక. కార్బన్ పోస్టు టైటానియం ఫ్రేమ్‌లో పెడితే కార్బన్ పేస్ట్ తప్పనిసరి. గ్రీజు పూస్తే జారుతుంది, ఏమీ పూయకపోతే కిరకిరలాడుతుంది.

నంది క్రాస్ నుంచి ద్రాక్ష తోటల మధ్య దారి. ఊరికొక స్పీడ్ బ్రేకర్, దాని ముందొక గుంత. కేబుళ్ల గురించి తేల్చుకున్నది ఈ దారిలోనే. ఇప్పుడు చాలా ఫ్రేముల్లో బ్రేక్ హోస్‌ను, అంటే బ్రేకు నూనె పోయే గొట్టాన్ని, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగుల మధ్య నుంచి లోపలికి పంపిస్తున్నారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది. కానీ పై బేరింగ్ మార్చాలంటే చాలా బండ్లలో హోస్ ఊడదీయాలి, మళ్లీ బిగించి బ్రేకులు బ్లీడ్ చేయాలి, అంటే నూనెలో చేరిన గాలి తీసేయాలి. చెమట, వాన నీళ్లు పడే చోట పై బేరింగే ముందు పోతుంది. ఇరవై నిమిషాల పని పూట పని అవుతుంది. డౌన్‌ట్యూబ్ (హ్యాండిల్ కింది నుంచి పెడళ్ల దాకా దిగే గొట్టం) పక్కన రంధ్రంలోంచి హోస్ లోపలికి వెళ్లే పద్ధతే నాకు నచ్చింది, అదే రాయించాం.

కొండ కింద టీ కొట్టు దగ్గర ఆగాం. చిక్కబళ్లాపుర జిల్లాలో తెలుగు బాగా వినిపిస్తుంది. కొట్టు పెద్దాయన నా బండిని వేలితో మీటి చూశాడు.

“ఇనుమేనా సామీ ఇది? రంగెందుకు వెయ్యలేదు?”

“టైటానియం పెద్దాయనా. రంగు లేకపోయినా తుప్పు పట్టదు.”

గాలి తగలగానే దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. వేడెక్కినప్పుడు మాత్రం ఆ గాలే శత్రువు. వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం బయటా లోపలా కూడా ఆర్గాన్ వాయువు నిండి ఉండాలి. లేకపోతే ఆక్సిజన్, నైట్రోజన్ లోహంలోకి ఇంకి అతుకు పెళుసెక్కుతుంది. ఎండలో హెడ్‌ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) దగ్గరి అతుకు చూపించాను: చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమంగా పడ్డ వరసలు, వెండి రంగు, అక్కడక్కడ లేత పసుపు ఛాయ. వెండి రంగైతే మంచిది, లేత పసుపైతే ఫర్వాలేదు. నీలం, బూడిద రంగు, తెల్లటి పొడి కనిపిస్తే ఆర్గాన్ రక్షణ సరిపోలేదని అర్థం. సన్నటి పూసలు చిమ్మి మెరుగు పెట్టాక ఈ రంగులు చెరిగిపోతాయి కనుక, మెరుగుకు ముందు తీసిన ఫోటోలు పంపమని ఆర్డర్‌లోనే అడగాలి. ఇవ్వనంటే వేరే చోటు చూసుకోవడమే.

గొట్టాలు ఎక్కువగా 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వనేడియం కలిసిన మిశ్రమం. చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్‌ల వంటి చెక్కిన ముక్కలకు అవే 6 శాతం, 4 శాతం ఉన్న గట్టి రకం వాడతారు. టైటానియం స్టీలు కంటే బాగా తేలిక, కానీ వంగుడును ఆపే బలం దాదాపు సగమే. అందుకే గొట్టం లావు పెంచుతారు. మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే గట్టిదనం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. బరువైన మనిషికి సన్నటి డౌన్‌ట్యూబ్ ఇస్తే పెడల్ మీద లేచి తొక్కినప్పుడు బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోటు, పక్కకు ఊగుతుంది. తయారీదారుకు ఎత్తుతో పాటు బరువు కూడా చెప్పాల్సింది ఇందుకే.

ఘాటు మొదట్లో మెత్తగానే ఉంటుంది. పైకి పోయేకొద్దీ మలుపుల లోపలి అంచులు నిటారవుతాయి. నా బండికి ముందు 50, 34 పళ్ల చక్రాలున్న క్రాంకు, వెనక 11 నుంచి 34 పళ్ల దాకా ఉన్న క్యాసెట్. 32 మి.మీ. టైరుతో చిన్న గేరులో నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పితే వేగం గంటకు 9 కి.మీ. 36 పళ్లదైతే 8.5. రెండు మలుపులు పోయేసరికి బావమరిది ఆయాసపడుతూ అడిగాడు.

“బావా, 36 పెట్టుకుంటే పరువు పోతుందా?”

“మోకాళ్లు పోవడం కంటే నయం.”

షిమానో 105 ఆర్7100 గేర్ల సెట్టులో వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) 36 దాకా తీసుకుంటుంది. 12 స్పీడ్, తీగతో గేర్లు, నూనెతో బ్రేకులు. అదే ఖాయం చేశాం. క్యాసెట్ రేపైనా మార్చుకోవచ్చు కనుక దాని మీద ఎక్కువ సేపు చర్చించలేదు. బాటమ్ బ్రాకెట్ మాత్రం ఫ్రేమ్‌తో వచ్చేది: మరలున్న బీఎస్‌ఏ అనే పాత రకం, 68 మి.మీ. వెడల్పు, చాలు. బేరింగ్ ఉండే కప్పు ఏ షాపులోనైనా దొరుకుతుంది. కుడి కప్పు మర ఎడమ వైపు తిరుగుతుందని మరిచి బలవంతం చేస్తే ఫ్రేమ్ మరలే పోతాయి. టైటానియం మరలు పొడిగా బిగిస్తే పట్టేసుకుంటాయి, కాబట్టి ప్రతి మరకూ పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్ట్ పూయాలి.

కొండ మీద 1,478 మీటర్ల ఎత్తులో చలిగాలి. ఎక్కువసేపు నిలబడలేదు, అసలు పని దిగేటప్పుడే.

మనిషి, బండి కలిపి 90 కిలోలు. 400 మీటర్లు దిగితే సుమారు మూడున్నర లక్షల జౌళ్ల శక్తి వదిలించుకోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, మిగిలినదంతా రోటర్ల మీద, అంటే బ్రేకు పట్టే డిస్కుల మీద, వేడిగా మారుతుంది. బ్రేకు పట్టుకునే దిగితే ప్యాడ్లు కాలిన వాసన వస్తాయి, పైపొర గాజులా నునుపెక్కి పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి, వేగం తగ్గాక వదిలేయాలి. తర్వాతి మలుపు దాకా రోటర్‌కు గాలి తగులుతుంది. ఇలాంటి దారికి ముందు, వెనక రెండూ 160 మి.మీ. రోటర్లే. వెనక ఫ్లాట్ మౌంట్ (బ్రేకును ఫ్రేమ్‌కు బిగించే చదునైన చోటు) 140కి చేసి ఇస్తే 160కి అడాప్టర్ పెట్టాలి. ఆర్డర్ పత్రంలోనే సైజు రాయాలి.

డిస్క్ ఫ్రేమ్‌లలో ఎక్కువ తగాదా వచ్చేది ఈ ఫ్లాట్ మౌంట్ దగ్గరే. వెల్డింగ్ వేడికి చైన్‌స్టే కొద్దిగా లాగుతుంది, మౌంట్ తలం ఒరుగుతుంది. ప్యాడ్లను నొక్కే కాలిపర్ రోటర్‌కు సమాంతరంగా కూర్చోదు. ఒక పిస్టన్ ముందు తాకి రోటర్‌ను వంచుతుంది, బ్రేకు కూస్తుంది. కాబట్టి వెల్డింగ్ అయ్యాక ఆ తలాన్ని మళ్లీ చెక్కి సమం చేయాలి. బండి అందాక పరీక్ష తేలికే. కాలిపర్ బోల్టులు వదులు చేసి, బ్రేక్ లివర్ నొక్కి పట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. చివర్లో కాలిపర్ పక్కకు జరిగితే తలం సరిగా లేదు. తర్వాత షాపులో చెక్కించవచ్చు, కానీ టైటానియం కటర్‌ను తినేస్తుంది, పదునైన కటర్‌తో మెల్లగా చేసేవాళ్లు కావాలి.

కొత్త ప్యాడ్లను అలవాటు చేయకుండా ఈ దిగుడుకు రాకూడదు. ఖాళీ రోడ్డులో 30 కి.మీ. వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం జారకుండా, ఒక్కో బ్రేకుతో ఇరవై సార్లు ఆపాలి. షిమానో కొత్త రోటర్ మందం 1.8 మి.మీ., 1.5కి వస్తే మార్చేయాలి. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలే పోయాలి, కార్ల బ్రేకుల్లో వాడే డాట్ ద్రవం పోస్తే సీళ్లు ఉబ్బి చెడతాయి.

దేవనహళ్లిలో ఇడ్లీ తింటూ ఆర్డర్ కాగితం పూర్తి చేశాం. యాక్సిళ్లు ముందు 12×100, వెనక 12×142. డిరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్క, అంటే హ్యాంగర్, యూడీహెచ్ అనే అన్ని బండ్లకూ ఒకేలా ఉండే రకం, ఎందుకంటే బండి పడితే ముందు వంగేది అదే, దొరకని రకమైతే బండి నెలల తరబడి గోడకు వేలాడుతుంది. హెడ్ కోణం (హెడ్‌ట్యూబ్ వాలు) 72.5 డిగ్రీలు, ఫోర్క్ ఆఫ్‌సెట్ (ఆ వాలు గీతకు ఇరుసు ఎంత ముందుందో) 47 మి.మీ., అంటే ట్రెయిల్ (ఆ గీత నేలను తాకే చోటుకు టైరు ఎంత వెనక తాకుతుందో) 59 మి.మీ. దగ్గర. చెయ్యి వదిలినా నిలకడగా పోతుంది, మలుపులో బరువనిపించదు. ఒక్క గడి ఖాళీగా వదిలాం: ఫోర్క్ పేరు. యాక్సిల్ నుంచి ఫోర్క్ పైభాగమైన క్రౌన్ దాకా పొడవు 370 మి.మీ.కి గీసి 385 ఫోర్క్ పెడితే హెడ్ కోణం దాదాపు ముప్పావు డిగ్రీ పడుకుంటుంది. కార్బన్ ఫోర్క్ కొని, టేపుతో కొలిచి, ఆ అంకె వేశాకే బావమరిది డ్రాయింగ్ మీద సంతకం పెడతాడు.