చింతపల్లి దగ్గర మునిగిన మరబోటు

చింతపల్లి తీరానికి ఎదురుగా, సముద్రంలో రాళ్లకు కొట్టుకుని ఒక మరబోటు మునిగిందని విన్నప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. విశాఖలో ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు, పూర్తవగానే ఫిబ్రవరిలో బయల్దేరాను. వానాకాలంలో ఏటి నీళ్లు కలిసి ఇక్కడ సముద్రం బురదగా ఉంటుంది. చలికాలం చివరికి కాస్త తేటపడుతుంది. విజయనగరం నుంచి పూసపాటిరేగ మీదుగా వెళ్తే, ముందు కనిపించేది లైట్‌హౌస్. ఈ రాళ్ల బారిన పడకుండా ఓడలకు దారి చూపడానికే దాన్ని కట్టారు.

నన్నూ, డైవింగ్ నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ అన్ననీ పడవలో తీసుకెళ్లిన తండేలుకి (పడవ నడిపే పెద్దకి) జీపీఎస్ అక్కర్లేకపోయింది. లైట్‌హౌస్‌నీ, దాని వెనక కొండ కొమ్మునీ ఒక వరసలోకి తెచ్చి ఇంజను ఆపేశాడు. "ఇదే బాబూ. ఇక్కడ వలేస్తే ఇంక రాదు, పట్టేస్తాది. మేం తప్పుకునే తిరుగుతాం" అన్నాడు.

తాడు పట్టుకుని దిగాం. మొదటి కొన్ని మీటర్లలోనే చెవుల మీద ఒత్తిడి తెలుస్తుంది. ముక్కు మూసి గాలి ఊదుతూ మెల్లగా దిగాలి. 10 మీటర్ల లోతుకి ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు.

చెక్కను చాలావరకు సముద్రపు పురుగులు తొలిచేశాయి. బాగా మిగిలింది ఇంజను, బోటును నడిపే పంకా, వల లాగే వించి. బోటు ముందు వైపు మిగిలిన ఒక పలక మీద బూడిదరంగు చారలేవో కనిపించాయి. టార్చ్ వేస్తే పచ్చి ఎరుపు! నీళ్లు ముందుగా మింగేసేది ఎర్రరంగునే. ఇంజను కింద ఒక బొంత చేప మమ్మల్ని చూస్తూ కదలకుండా ఉంది. నీళ్లలో ఏదైనా పెద్దగా కనిపిస్తుందని తెలిసినా, దాని నోరు చూసి గుండె ఝల్లుమంది.

వించి దగ్గరికి వెళ్లాక ఆ ఆనందం నిలవలేదు. బోటు మునిగి ఏళ్లు గడిచాయి గానీ దాని వల ఇంకా ప్రాణుల్ని పట్టేస్తూనే ఉంది. నైలాను కుళ్లదు కదా. ఒక పీత కాళ్లన్నీ చిక్కుకుని ఇంకా ఆడిస్తోంది. పక్కనే తాబేలు చిప్ప, వలలోనే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరాలకు వచ్చే కాలమిది. అవి గాలి కోసం పైకి రావాల్సిన ప్రాణులు. వలలో ఇరుక్కుంటే మునిగి చచ్చిపోతాయి. అన్న చేత్తో నన్ను దూరంగా ఆపి, కత్తితో రెండు పోగులు కోసి పీతను వదిలేశాడు. వల జోలికి పోలేదు. తెగిన వల మనిషికే చుట్టుకుంటుంది.

పైకి వస్తూ, డైవర్లు జాగ్రత్త కోసం చేసేట్టే, 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగాం. అంతసేపూ నా కళ్లు కిందకే పోతున్నాయి.

ఒడ్డున వేడి టీ తాగుతూ తండేలుకి వల సంగతి చెప్పాను. "మీరు కోసి తాడు కట్టండి, మేం లాగేస్తాం" అన్నాడు వెంటనే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కాబట్టి అప్పుడైతే లాగడానికి మనుషులు దొరుకుతారట. కానీ అన్న అంతదాకా ఆగనన్నాడు. సముద్రం నెమ్మదించిన మొదటి రోజే అనుభవమున్న డైవర్లతో వస్తాడు. నాకింకా ఆ అనుభవం లేదు, పడవ మీదుండి తాడు లాగుతాను.