పేరు తెలియని పోపు గారి కోసం

పోపు గారు కన్నుమూసిన రోజు నుంచి కొత్తాయన ఎన్నికయ్యేదాకా మన కతోలిక గుడి పూజలో ఒక పేరు వినపడదు. మామూలుగా పూజ మధ్యలో 'మా పోపు గారు ఫలానా, మా మేత్రాణులు ఫలానా' అని ఫాదర్ గారు ప్రార్థించే చోటు ఉంటుంది కదా, ఆ రోజుల్లో మొదటి పేరు వదిలేసి నేరుగా మేత్రాణుల, అంటే బిషప్ గారి, పేరుకి వెళ్ళిపోవాలి, రూలు అది. 2025 ఏప్రిల్ చివరి వారంలో మా విచారణ గురువు గారు, అంటే మా గుడి ఫాదర్ గారు, 'ఫ్రా...' దాకా వచ్చి ఆగిపోయారు. పుస్తకం మీద వేలు పెట్టి ఒక్క క్షణం చూసుకుని, తర్వాతి పేరు అందుకున్నారు. పన్నెండేళ్ళుగా రోజూ చెప్పిన పేరు, నోరు ఊరుకుంటుందా!

ఆ ఖాళీ గురించే ఈ నాలుగు మాటలు. పోప్ ఫ్రాన్సిస్ గారు వెళ్ళిపోయిన ఏప్రిల్ 21కి, పోప్ లియో గారు బాల్కనీలోకి వచ్చిన మే 8కి మధ్య మనం ఎవరి కోసం ప్రార్థించినట్టు? పోయినాయన ఆత్మశాంతి కోసం, సరే. రాబోయే ఆయన కోసం కూడా జపమాలలు చెప్పాం, ఆయన పేరు తెలియదు, ఊరు తెలియదు, ముఖం తెలియదు. ఆ రోజుల్లో నాకు పదేపదే గుర్తొచ్చింది బైబిల్లో అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయం.

హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు. అది కొందరికి నచ్చిందని చూసి, మనం మొదటి పోపు గారని చెప్పుకునే పేతురును కూడా పట్టుకున్నాడు. అవి పులియని రొట్టెల పండుగ రోజులు, అంటే మన పాస్క (ఈస్టర్) కాలమే. పదహారు మంది సైనికుల కాపలా, రెండు సంకెళ్ళు, ఇద్దరు సైనికుల మధ్య పడక. ఐదో వచనంలో ఉన్నదల్లా ఇదీ: పేతురు చెరసాలలో ఉన్నాడు, సంఘం మాత్రం ఆయన కోసం ఆపకుండా దేవుణ్ణి వేడుకుంటూనే ఉంది. పోపు గారి కోసం ప్రార్థన చెయ్యాలని ఎక్కడ రాసుంది అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ వచనమే.

ఫ్రాన్సిస్ గారి విషయంలో ఆ ప్రార్థన ఆయన పోవడానికి చాలా ముందే మొదలైంది. ఫిబ్రవరి 14న రోమ్‌లోని జెమెల్లి ఆసుపత్రిలో చేర్చారు, మొదట బ్రాంకైటిస్ అన్నారు, తర్వాత రెండు ఊపిరితిత్తులకీ న్యుమోనియా అన్నారు. 24వ తేదీ నుంచి వాటికన్‌లోని పునీత పేతురు చౌకులో (సెయింట్ పీటర్స్ స్క్వేర్) రాత్రిపూట జపమాల, మొదటి రోజు కార్డినల్ పరోలిన్ గారు నడిపించారు. ఇక్కడ మన ఫోన్లలో సంగతి తెలిసిందే. ఒకరు వాటికన్ బులెటిన్ తెలుగులో రాసి పెడతారు, ఇంకొకరు నవదిన జపం ఆడియో పెడతారు, ఈ రెండిటి మధ్యలో ఎవరో కొవ్వొత్తి బొమ్మేసి 'పోపు గారు ఇక లేరు' అని పెట్టేస్తారు, ఆయనేమో ఆసుపత్రిలో బతికే ఉన్నారు. ఇలాంటివి పంపేవాళ్ళ మీద నాకు కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. మార్చి 6న ఆయన గొంతు చౌకులో వినిపించారు. ఆయాసపడుతూ, స్పానిష్‌లో, తన కోసం ప్రార్థిస్తున్న వాళ్ళకి థాంక్స్ చెప్పారు. ఆ చిన్న ఆడియో విన్నాక మా సిస్టర్ గారు ఫోన్ పక్కన పెట్టేసి 'ఇక మాటలొద్దు, పరలోక జపం చెప్పుకుందాం' అన్నారు.

38 రోజుల తర్వాత, మార్చి 23న, ఇంటికి వచ్చారు. మన ప్రార్థన ఫలించిందనుకున్నాం. ఏప్రిల్ 20, పునరుత్థాన పండుగ రోజున బాల్కనీలోకి వచ్చి సోదర సోదరీమణులారా అంటూ ఈస్టర్ శుభాకాంక్షలు చెప్పారు. మిగతా సందేశం వేరేవాళ్ళు చదివారు, ఆయనకి ఓపిక లేదు, అయినా తర్వాత వాహనంలో చౌకంతా తిరిగి పిల్లల్ని దీవించారు. మర్నాడు ఉదయం రోమ్ టైము 7:35కి, మనకి 11 దాటిన వేళ, కన్నుమూశారు. వార్త మనకి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పండుగ మర్నాడు, ఇంకా కొన్ని ఇళ్ళల్లో చుట్టాలు ఉన్నారు, ముందురోజు మిగిలిన బిర్యానీ వేడి చేస్తున్నారు. మొదట ఎవరూ నమ్మలేదు, అన్ని అబద్ధపు పోస్టులు చూశాక ఎవరు నమ్ముతారు? కార్డినల్ కెవిన్ ఫారెల్ గారు ప్రకటిస్తున్న వీడియో వచ్చాకే ఇంట్లో అమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

మరి అన్ని జపమాలలు ఏమైనట్టు? ఈ ప్రశ్న చాలామంది పైకి అడగరు, లోపల మాత్రం ఉంటుంది. ఇక్కడే 12వ అధ్యాయం రెండో వచనం నన్ను ఆపేస్తుంది. మనం ఎప్పుడూ పేతురు విడుదల గురించే చెప్పుకుంటాం, దానికి ముందే అదే అధ్యాయంలో యాకోబు చనిపోయాడు. యాకోబు కోసం ఆ సంఘం ప్రార్థించి ఉండదా? యేసు ప్రభువు దగ్గరికి పిలిచిన వాళ్ళలో మొదటి నలుగురిలో ఒకడు, యోహాను అన్న, కొండ మీద ప్రభువు రూపం మారినప్పుడు చూసినవాడు. ఒకరికి కత్తి, ఇంకొకరికి దేవదూత. ఎందుకలా అని ఆ పుస్తకం రాసిన లూకా గారు ఒక్క మాట కూడా వివరించలేదు. ప్రార్థన చేసినవాళ్ళు కూడా యాకోబు పోయాడని మానలేదు, ఆ ఏడుపుతోనే పేతురు కోసం కూర్చున్నారు. నాకు అక్కడ దొరికిన ఓదార్పు అంతే, అంతకంటే పెద్ద జవాబు నా దగ్గర లేదు.

ఏప్రిల్ 26న అంత్యక్రియలు. మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు కూడా వెళ్ళారు, దేశంలో మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించారు. ఆ రోజు చూసినవాటిలో నన్ను కదిలించింది ప్రపంచ నాయకుల వరసలు కాదు. శవపేటికను మరియమ్మ పెద్ద బసిలికా, శాంతా మరియా మజ్జోరేకి తీసుకెళ్ళినప్పుడు మెట్ల దగ్గర ఆఖరి వీడ్కోలు చెప్పడానికి నిలబడ్డది ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు, ఖైదీలు, వలస వచ్చినవాళ్ళు, చేతుల్లో ఒక్కో తెల్ల గులాబీ. 2022 జూన్ 29న రాసిన వీలునామాలో తన సమాధి నేలలో ఉండాలి, అలంకారాలేమీ వద్దు, ఫ్రాంచిస్కుస్ అన్న లాటిన్ పేరు ఒక్కటి చాలు అని ఆయన కోరుకున్నారు. అలాగే చేశారు. మన ఊళ్ళలో సమాధుల మీద గ్రానైట్ పలకలు, ఫొటోలు, బిరుదులు, చదువులు, ఉద్యోగాలు అన్నీ చెక్కించే మనం దీని గురించి కాస్త ఆలోచించుకోవచ్చు, తిట్టడం కాదు, ఊరికే అంటున్నా.

తర్వాత వచ్చింది అసలు పరీక్ష. పోయినాయన కోసం రోమ్‌లో తొమ్మిది రోజుల పూజలు జరుగుతున్నాయి, మనకేమీ కొత్త కాదు, పండుగకి ముందు నవదినాలు చేసేవాళ్ళమే. ఇక్కడ ఫోన్లలో మాత్రం ఇంకో నవదినాలు: ఎవరవుతారు? ఇటలీ ఆయనా, ఫిలిప్పీన్స్ ఆయనా, ఆఫ్రికా ఆయనా? మనవాళ్ళ ఉత్సాహానికి ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోనీ గారు పోపును ఎన్నుకోవడానికి లోపలికి వెళ్ళే 133 మంది కార్డినల్స్‌లో ఒకరు. కర్నూలు జిల్లాలో పుట్టిన మనిషి, 2022లో కార్డినల్ అయ్యారు, మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. పోపు ఎన్నికలో తెలుగువాడు ఓటు వెయ్యడం అదే మొదటిసారి. గర్వపడకుండా ఎలా ఉంటాం? నేనూ పడ్డాను. గర్వం ఎప్పుడు క్రికెట్ స్కోరు అడిగినట్టు మారిపోయిందో తెలియలేదు, అంతే.

ఆ టైములోనే ఉపదేశం క్లాసులో ఒక పిల్ల అడిగిన ప్రశ్న మా ఉపదేశి గారు అందరికీ చెప్పారు. 'కొత్త పోపు గారు ఎవరో తెలియకుండా జపం చేస్తున్నాం కదా సార్, మరి ఆయనకి తెలుసా తనే అని?' తెలియదమ్మా అన్నారట ఆయన. 'అయితే పాపం' అందట ఆ పిల్ల. ఆ 'పాపం' నాకు చాలా నచ్చింది. నిజమే, ఆ రోజుల్లో ఆయన రోమ్‌లోనే ఉన్నారు, అప్పటి పేరు రాబర్ట్ ప్రెవోస్ట్, తర్వాత లియో గారు, వయసు 69, అగస్టీనియన్ సభ గురువు, పుట్టింది చికాగోలో, ఏళ్ళ తరబడి పనిచేసింది పెరూలో. మనం మరియమ్మకి చెప్పే మంగళవార్త జపంలో మోస్తున్నది ఆయన్నే, మనకీ తెలియదు, ఆయనకీ తెలియదు. పేరు తెలిస్తే మన ప్రార్థనలో మన ఇష్టం కూడా చేరుతుంది, ఫలానా ఆయన అయితే బాగుండు అని. పేరు లేనప్పుడు అడగడానికి మిగిలేది ఒక్కటే, ప్రభువా నువ్వు ఎవరిని అనుకున్నావో ఆయన్ని నిలబెట్టు అని. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్నప్పుడు అపొస్తలులు అడిగింది కూడా దాదాపు ఇదే.

మే 4 ఆదివారం సువిశేషం (సువార్త పఠనం) విన్నారా? పాస్క కాలం మూడో ఆదివారం, యోహాను 21. తిబెరియ సరస్సు ఒడ్డున ప్రభువు పేతురును మూడుసార్లు అడగడం, నన్ను ప్రేమిస్తున్నావా, నా గొర్రెల్ని మేపు. దీన్ని ఎవరూ ఏరి పెట్టలేదు, మూడేళ్ళకోసారి ఆ ఆదివారానికి వచ్చే పఠనమే. అంత్యక్రియల పూజలో చదివిన సువిశేషమూ ఇదే. ముసలివాడివయ్యాక నీ చేతులు చాస్తావు, ఇంకొకడు నీ నడుం కట్టి నీకు ఇష్టం లేని చోటికి తీసుకెళ్తాడు అన్న మాట దగ్గర, చక్రాల కుర్చీలో ఉన్న ఫ్రాన్సిస్ గారు కళ్ళ ముందు మెదిలారు.

మే 7న కార్డినల్స్ సకల పునీతుల ప్రార్థన పాడుకుంటూ ఎన్నిక జరిగే సిస్టైన్ చాపెల్‌లోకి వెళ్ళారు. గెలవాలంటే 89 ఓట్లు. ప్రతి ఒక్కరూ చీటీ పట్టుకుని, తుదితీర్పు చిత్రం ముందు నిలబడి, నాకు తీర్పు తీర్చబోయే క్రీస్తు ప్రభువే సాక్షి అని ప్రమాణం చేసి వెయ్యాలి. మన పంచాయతీ ఎన్నికల్లో కూడా ఇలాంటిదొకటి పెడితే ఎలా ఉంటుందో! మొదటి రాత్రి నల్లపొగ, అంటే ఇంకా ఎవరూ ఎన్నిక కాలేదని గుర్తు, వచ్చేసరికి మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. మే 8 రాత్రి 9:37కి తెల్లపొగ, కొత్త పోపు గారు ఎన్నికయ్యారని.

ఆ రాత్రి మన టీవీల్లో వేరే పొగ ఉంది, అది మర్చిపోకూడదు. జమ్మూ మీద డ్రోన్లు, బ్లాకౌట్, ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో ఆపేశారు. మా వీధిలోనే కొడుకు సైన్యంలో ఉన్న ఇల్లు ఒకటి ఉంది, ఆ ఇంట్లో ఆ పూట అన్నం దిగలేదు. ఒక ఛానెల్లో సైరన్లు, ఫోన్లో చౌకులో గంటలు. పదకొండు కావస్తుండగా తెర పక్కకి జరిగింది, కొత్తాయన వచ్చారు. ఆయన మొదటి మాట, శాంతి మీ అందరికీ కలుగునుగాక. పునరుత్థాన ప్రభువు పలికిన పలకరింపు. ఆయుధం లేని శాంతి, ఆయుధాలు దింపించే శాంతి అన్నారు. తర్వాత జనంతో కలిసి మరియమ్మ జపం చెప్పించారు. కొడుకు సైన్యంలో ఉన్న ఆ ఇంటి తల్లి మాతోనే ఉంది, వాళ్ళబ్బాయి దగ్గర్నుంచి వారమై ఫోన్ లేదు, మరియమ్మ జపం ఇటాలియన్‌లో వినిపిస్తుంటే ఆవిడ తెలుగులో కలిపింది. మే 11న మొదటి ఆదివారం సందేశంలో భారత్, పాకిస్తాన్ కాల్పుల విరమణను ఆయన స్వాగతించారని ఆవిడకి మేమే ముందు చెప్పాం.

మళ్ళీ 12వ అధ్యాయానికి వస్తాను, నాకు బాగా ఇష్టమైన భాగం మిగిలిపోయింది. పేతురు విడుదలై, మార్కు తల్లి మరియమ్మ ఇంటికొచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నపిల్ల వచ్చింది, గొంతు గుర్తుపట్టింది, సంతోషంలో తలుపు తియ్యడం మానేసి లోపలికి పరిగెత్తింది, పేతురు గారొచ్చారు అని చెప్పడానికి! లోపల ఆయన కోసమే ప్రార్థిస్తున్న వాళ్ళు, నీకు పిచ్చి పట్టింది పొమ్మన్నారు. పాపం పేతురు ఇంకా బయటే తడుతూ నిలబడ్డాడు. తెల్లపొగ చూడగానే స్క్రీన్‌షాట్ కోసం ఎగబడ్డ మనం అచ్చం రొదేలమే. నేను ఆ పిల్లని తప్పుపట్టను, వార్త చెప్పాలన్న ఆత్రం కూడా ప్రేమే. పేతురు కూడా తప్పుపట్టలేదు. లోపలికొచ్చాక ఆయన చెప్పిన మాట పదిహేడో వచనంలో ఉంది: ఈ సంగతి యాకోబుకీ సోదరులకీ తెలియజెయ్యండి. (ఈ యాకోబు వేరే ఆయన.) అది చెప్పి వేరే చోటికి వెళ్ళిపోయాడు.

జూన్ 29, పునీత పేతురు పౌలుల పండుగ పూజలో మొదటి పఠనం ఈ అధ్యాయమే, కాకపోతే 11వ వచనంతో ఆపేస్తారు, రొదే దాకా రాదు. ఇంటికెళ్ళాక 17 దాకా చదువుకోండి. ఇప్పుడు మా పూజలో ఆ ఖాళీ నిండింది, లియో అన్న పేరు ఫాదర్ గారి నోటికి అలవాటైపోయింది. ఆ రోజుల్లో సాయంత్రం జపమాలకి నిండిన బెంచీలు మే రెండో వారానికే మళ్ళీ పలచబడ్డాయి, గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు తిరిగొచ్చాయి. జపమాల చివర పోపు గారి ఉద్దేశాల కోసం చెప్పే ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం, ఒక త్రిత్వ స్తోత్రం ఉన్నాయి చూడండి, హడావుడిలో మనం మింగేసేవి, వాటిని ఈ వారం కాస్త నిదానంగా చెప్పుకుందాం. మా ఇంట్లో రాత్రి ఎనిమిదికి, కుదిరినవాళ్ళు రండి.