ఒంటిచక్రం ట్రైలర్: ఆరో వారం

మా అక్క అమెరికా నుంచి వస్తూ తెచ్చిన పాత బాబ్ యాక్ ట్రైలర్‌ను (సైకిల్ వెనక సామాను లాగే ఒంటిచక్రం బండి) సైకిల్‌కి తగిలించడం, విప్పడం ఇప్పుడు ఒక్కడినే చేసుకోగలుగుతున్నాను. ట్రైలర్ బరువు సుమారు 6 కిలోలు, చక్రం 16 అంగుళాలు. 32 కిలోల దాకా మోయగలదు. అంటే 25 కిలోల బియ్యం బస్తా, పైన కాసిని కూరగాయలు.

రెండు చక్రాల ట్రైలర్ విప్పినా నిలబడే ఉంటుంది. ఇది అలా కాదు. సైకిల్‌కి తగిలి ఉన్నంతసేపు దానితోపాటే వంగుతూ, మా సన్న గల్లీల్లో కూడా హాయిగా వస్తుంది. విప్పిన మరుక్షణం పక్కకి పడిపోతుంది. కష్టమంతా అక్కడే.

మొదటి రోజు పార్కింగ్‌లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ముందే పెట్టేసి తగిలించబోయాను. ట్రైలర్ ఫోర్కు (సైకిల్ వెనక చక్రానికి రెండు పక్కలా తగిలే ముందు భాగం) ఎత్తేసరికి సైకిల్ ముందుకు జరిగింది, సైడ్ స్టాండు ముడుచుకుపోయింది, రెండూ పడ్డాయి. వాచ్‌మన్ వచ్చి సైకిల్ పట్టుకుంటే గానీ పని కాలేదు. ఎవరో ఒకరు పట్టుకోవాలంటే ఇక ఈ బండి దేనికి అని ఆ రాత్రంతా ఆలోచించాను.

బలం కాదు, సైకిల్ కదలకుండా ఉండటమే ముఖ్యమని రెండో వారానికి అర్థమైంది. ఇప్పుడు సైకిల్‌ను గోడకి ఆనించి, ముందు బ్రేకు లీవర్‌ను పాత ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కి బిగించి కడతాను. వెనక చక్రం వెనక నిలబడి ఫోర్కుకి చెరో పక్క కాలు వేసి, ట్రైలర్ ఒరగకుండా తొడలతో అదిమి పడతాను. రెండు చేతులతో ఫోర్కు ఎత్తి, ఇరుసుకి రెండు పక్కలా ఉన్న గాడుల మీద దించుతాను. ఈ గాడులు ట్రైలర్‌తో వచ్చే ప్రత్యేకమైన స్క్యూవర్‌కి (వెనక చక్రం ఇరుసులోంచి దూరే సన్న కడ్డీ) ఉంటాయి. సైకిల్‌కి ఉన్న మామూలు స్క్యూవర్ తీసి దీన్ని ముందే బిగించి ఉంచాలి. గేర్ల వైపు చూపు సరిగా ఆనదు కాబట్టి ముందు ఆ పక్క కూర్చోబెడతాను, తర్వాత ఎడమ పక్క. ఆపైన ఫోర్కు పైకి లేవకుండా రెండు పక్కలా పిన్నులు.

పిన్నుల దగ్గర మాత్రం తొందరపడకూడదు. మూడో వారంలో ఎడమ పిన్నుకి రబ్బరు పట్టీ తగిలించడం మరిచిపోయాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్కుమంది. పిన్ను ఊడి, ఆ పక్క ఫోర్కు పైకి లేచిపోయింది. మెల్లగా వెళుతున్నాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి పట్టీలు వేశాక రెండు పక్కలా ఫోర్కును గట్టిగా పైకి లాగి చూడనిదే సీటెక్కను.

విప్పేటప్పుడు వీలైతే ముందు సామాను దించేస్తాను. కానీ వెనక చక్రం పంక్చరైతే ట్రైలర్ విప్పకుండా చక్రం ఊడదు, రోడ్డు పక్కన బస్తా దించే చోటూ ఉండదు. అందుకే నిన్న బియ్యం బస్తాతోనే విప్పి చూశాను. రెండు పిన్నులూ తీసి జేబులో వేసుకుని, ఫోర్కు ఎత్తి, కాళ్ల మధ్య పట్టుకునే ఒకడుగు వెనక్కి వేసి, మెల్లగా ఎడమ వైపుకి ఒరగనిచ్చాను. బస్తా జారలేదు. అడుగున పరిచిన గోనెపట్టా, రెండు బంగీ తాళ్లు దాన్ని పట్టి ఉంచాయి.

తిరిగి తగిలించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఖాళీదైతే ఒక నిమిషం చాలు. వచ్చే ఆదివారం ఎర్రగడ్డ రైతుబజార్‌కి వెళ్తున్నాను. అక్కడ ఆనించడానికి గోడ లేదు, కరెంటు స్తంభం ఉంది. దానితో ప్రయత్నిస్తాను.