ప్రాగ్‌లో ప్రైవేట్ గైడ్‌తో నడక: కొండమీది నుంచి కిందికి

చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో ప్రైవేట్ గైడ్‌ని మాట్లాడుకునేవాళ్లలో చాలామంది "ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో కలుద్దాం" అంటే సరేననేస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. అక్కణ్ణుంచి బయల్దేరితే వంతెన దాటాక కోట దాకా అంతా ఎక్కుడే. పైకి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, పెద్దవాళ్ల మోకాళ్లు మొరాయిస్తాయి, కోటలో జనం కిక్కిరిసి ఉంటారు. అందుకని నడకను తిరగెయ్యండి. 22 నంబర్ ట్రామ్ ఎక్కి కొండమీద పొహోర్జెలెత్స్ స్టాపులో దిగండి, గైడ్‌ని పొద్దున ఎనిమిదిన్నరకి అక్కడికే రమ్మనండి. కోట, నెరుదోవా వీధి, చార్లెస్ బ్రిడ్జి, చివర్లో ఓల్డ్ టౌన్ స్క్వేర్. దాదాపు అంతా దిగుడే. దూరం పెద్దగా ఉండదు గానీ నాలుగు గంటలు పెట్టుకోండి. దారంతా చదరపు రాళ్లు పరిచి ఉంటాయి, వాన పడితే జారతాయి. అడుగున పట్టు ఉన్న బూట్లు వేసుకోండి.

ట్రామ్‌కి కాగితం టికెట్ కొంటే, ఎక్కగానే పసుపురంగు మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, జరిమానా కట్టాల్సిందే.

కలిసే చోటు ఏదైనా ఇంటి అడ్రసైతే ఇంకో చిక్కుంది. ప్రాగ్‌లో ఒక్కో ఇంటికి రెండు నంబర్లు ఉంటాయి. ఎర్ర పలక మీదిది ఆ పేటలో ఇంటి రిజిస్టర్ నంబర్, నీలం పలక మీదిది వీధిలో వరస నంబర్. అడ్రసులో గీతకు ముందున్నది ఎరుపు, తర్వాతది నీలం. వీధిలో వెతకాల్సింది నీలాన్నే. ఎర్ర నంబర్ల వెంట పడితే వాటి వరస అర్థంకాక అరగంట పోతుంది. అసలు ఇళ్లకు నంబర్లు వచ్చిందే 1770లో. అంతకుముందు ఇంటికి గుర్తు తలుపు మీది బొమ్మే. నెరుదోవాలో మూడు ఫిడేళ్ల ఇల్లు, రెండు సూర్యుల ఇల్లు ఇప్పటికీ ఉన్నాయి. పిల్లలుంటే ఆ వీధిలో బొమ్మలు వెతకడం వాళ్లకే వదిలెయ్యండి.

బుక్ చేసేముందు గైడ్‌కి నాలుగు ముక్కలు రాయండి. ధర మొత్తం గుంపుకా, మనిషికా? కోట టికెట్లు అందులో కలిశాయా? లోపల కూడా వివరిస్తారా, లేక గుమ్మం దగ్గర ఆగిపోతారా? వానొస్తే ఏం చేస్తారు? వీటితోపాటు మీకు ఏది ఇష్టమో కూడా రాయండి: కట్టడాలా, యుద్ధాలా, గడియారాలా అని. అది చెప్పకపోతే అందరికీ చెప్పే పాఠమే మీకూ వినిపిస్తుంది, ప్రైవేట్ గైడ్‌కి పెట్టిన డబ్బు దండగ.

కోటలో సెయింట్ వైటస్ కెథడ్రల్ పని 1344లో మొదలై 1929లో ముగిసింది. పాత తూర్పు సగం ఎక్కడ ఆగిందో, కొత్త పడమటి సగం ఎక్కడ అతికిందో చూపించమనండి. ఆదివారం పొద్దున పూజలుంటాయి కాబట్టి సందర్శకుల్ని మధ్యాహ్నం దాకా లోపలికి పంపరు, ఆ రోజు పెట్టుకోకండి. తర్వాత పాత రాజభవనంలో ఒక కిటికీ తప్పకుండా చూడాలి. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు క్యాథలిక్ చక్రవర్తి తరఫు అధికారులిద్దర్నీ, వాళ్ల కార్యదర్శినీ అందులోంచి కిందికి తోసేశారు. ముగ్గురూ బతికారు గానీ ముప్పై ఏళ్ల యుద్ధానికి నాంది అదే. ఆ కిటికీ గుర్తుంచుకోండి, చివర్లో దానితో పనుంది.

వంతెన మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. విగ్రహాలు ముప్పై, వాటిలో చాలావరకు నకళ్లే. అసలువి మ్యూజియంలో భద్రపరిచారు.

ఆగాల్సిన చోటు ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో పాత టౌన్ హాల్ టవర్ మీది ఖగోళ గడియారం. గంట కొట్టేటప్పుడు పైన అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు తిరుగుతాయని జనం ముందునుంచే మెడలెత్తి నిలబడతారు. ఆట నిమిషంలోపే అయిపోతుంది, జేబుదొంగలకి అదే అదను. గంట దాటిన పది నిమిషాలకి రండి, ముఖఫలకాన్ని తీరిగ్గా చదవొచ్చు.

పెద్ద ముల్లు చివర బంగారు చెయ్యి ఉంటుంది. అది రోమన్ అంకె మీద చూపేది మామూలు గంట. బయటి నల్ల వలయం మీది అంకెలు పాత చెక్ లెక్క. అక్కడ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, 24 అంకె పొద్దుగూకే వేళకి సరిపడేలా ఆ వలయం ఏడాది పొడుగునా జరుగుతూ ఉంటుంది. బంగారు చెయ్యి 20 దగ్గరుంటే పొద్దుగూకడానికి ఇంకా నాలుగు గంటలుందన్నమాట. సూర్యోదయంతో రోజును మొదలుపెట్టే పంచాంగం చూసే మనకి ఈ లెక్క ఇట్టే పట్టుబడుతుంది.

లోపలి వలయం మీద పన్నెండు రాశులు. ఒక తేడా గమనించండి: మనకి సూర్యుడు మకరంలోకి వచ్చేది జనవరి 14 ప్రాంతంలో, ఈ గడియారంలో డిసెంబర్ 21 ప్రాంతంలోనే. తప్పు ఎవరిదీ కాదు, అక్కడిది ఋతువుల్ని బట్టి రాశులు లెక్కించే సాయన పద్ధతి, మన పంచాంగానిది నక్షత్రాల్ని బట్టి లెక్కించే నిరయన పద్ధతి. సగం వెండి, సగం నలుపు ఉన్న చిన్న గుండు చంద్రుడు. తనచుట్టూ తాను తిరుగుతూ ఆ రోజు చంద్రకళ చూపిస్తుంది, అమావాస్యో పౌర్ణమో చూడగానే చెప్పెయ్యొచ్చు.

గైడ్ ఎలాంటివాడో తేలేది కూడా ఇక్కడే. గడియారం చేసిన హనుష్ అనే పనివాడి కళ్లు పొడిపించారన్న కథ చెప్పి ఊరుకుంటే ఆ గైడ్ సంగతి అంతంతమాత్రమే. అది కట్టుకథ, 1410లో దీన్ని చేసింది కదాన్ ఊరి మికులాష్ అని కూడా చెప్పేవాడే మంచి గైడ్.

గడియారానికి ఎదురుగా నిలబడి, కుడిచేతి వైపు టవర్ మూల తిరగండి. తూర్పు గోడ ముందు నేలలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉంటాయి. 1618లో కిటికీ దగ్గర మొదలైన తిరుగుబాటు 1620 నవంబర్‌లో వైట్ మౌంటెన్ యుద్ధంలో ఓడిపోయింది. 1621 జూన్ 21న తిరుగుబాటు నాయకులు 27 మందికి ఈ చౌకులోనే మరణశిక్ష అమలు చేశారు. వాళ్ల పేర్లు పక్కనే గోడమీద చెక్కి ఉన్నాయి. ఒక్కొక్క పేరూ గైడ్ చేత చదివించుకోండి.