మూసీ బ్రిడ్జి దాకానే చూసిన సినిమాలు

నేను చూసిన తెలుగు సినిమాల్లో సగానికి పైగా సగమే చూశాను. ఇంజినీరింగ్ హైదరాబాద్‌లో, ఇల్లు సూర్యాపేటలో, ప్రతి రెండో శనివారం ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కడం, అందులో డ్రైవర్ సీటు వెనక పైన ఒక బుల్లి టీవీ. 2003 నుంచి నాలుగేళ్లు నాకు థియేటరంటే అదే.

హయత్‌నగర్ దాటి ట్రాఫిక్ తగ్గాక గానీ సినిమా పెట్టేవాళ్లు కాదు. క్లీనర్ సీడీని చొక్కాకి తుడిచి, ఒకసారి ఊది లోపలికి తోసేవాడు, అది ముక్కుతూ మూలుగుతూ తిరిగేది. పేర్లు పడే టైముకి రామోజీ ఫిల్మ్ సిటీ గేటు వచ్చేది. 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. టీవీలో కనిపించే ఆ తెల్ల స్తంభాల బంగ్లా లోపలే ఎక్కడో ఉందని మేమందరం కిటికీలోంచి మెడలు సాచి చూసేవాళ్లం, రోడ్డు మీంచి ఏం కనపడుతుంది, ఏం కనపడదు.

తర్వాత లెక్క పక్కాగా ఉండేది. చౌటుప్పల్‌లో హీరో ఫస్ట్ ఫైటు, చిట్యాలలో హీరోయిన్‌తో గొడవ, నార్కట్‌పల్లి వచ్చేసరికి ఇంటర్వెల్. సీడీ మార్చాలి కదా, ఆ గ్యాప్‌లో బస్సంతా ఒక్కసారి దగ్గేది. నకిరేకల్ దాటాక ఫ్లాష్‌బ్యాక్. బ్రహ్మానందం కనిపిస్తే మాత్రం నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దాయన కూడా లేచి కూర్చునేవాడు, అదేం మహిమో. ఇక విలన్ హీరో చెల్లెల్ని ఎత్తుకుపోయే టైముకి సరిగ్గా మూసీ బ్రిడ్జి వస్తుంది, "సూర్యాపేట దిగేవాళ్లు ముందుకి రండి" అని కేక. బ్యాగు భుజానేసుకుని, ఫుట్‌బోర్డ్ మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తూ దిగేవాణ్ణి.

ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో అంతా రివర్సు. విజయవాడ నుంచి వచ్చే బస్సులో నేనెక్కేసరికి సగం సినిమా అయిపోయుండేది, సెకండాఫ్ నాది. హీరో ఎవరి మీద పగ తీర్చుకుంటున్నాడో తెలీదు, కానీ ఫుల్లుగా ఎమోషనల్ అయిపోయేవాణ్ణి. పక్క సీటాయన్ని "అన్నా, ఆ తల్లి ఎందుకేడుస్తుంది" అని అడిగితే, "నేనూ కోదాడలోనే ఎక్కిన తమ్మీ" అనేవాడు.

దీనివల్ల జరిగిన నష్టం పెళ్లయ్యాక బయటపడింది. ఒక రోజు టీవీలో ఏదో వస్తుంటే, వీళ్ల నాన్న పోలీసు, చివర్లో కొడుకు చేతిలోనే పోతాడు అని గట్టిగా చెప్పేశా. మా ఆవిడ నా వైపు అదోలా చూసి, "అది వేరే సినిమా, ఇందులో నాన్నే లేడు" అంది. హీరో ఒక్కడే, బంగ్లా ఒక్కటే, శనివారం ఫస్టాఫ్‌నీ ఆదివారం సెకండాఫ్‌నీ నా బుర్ర కుట్టేసి ఇన్నేళ్లు ఒకే కథగా దాచుకుంది. నిజం చెప్పొద్దూ, నా వెర్షనే బాగుంది.

ఇప్పుడు ఓటీటీలో ఒక్కోటీ వెతికి బాకీ తీర్చేస్తున్నా. ఒక్కటి మాత్రం దొరకట్లేదు. వాన, రాత్రి, కొబ్బరికాయల లారీ, దాని కింద నక్కిన హీరో, నోట్లో టార్చిలైటు, విలన్ బూట్లు దగ్గరికొచ్చి ఆగుతాయి. అక్కడ దిగిపోయాను. ఎవరికైనా గుర్తుంటే పేరు చెప్పండి బాబూ, లారీ కదిలిందా లేదా అన్నది కూడా.