ఆ వయొలిన్ బిట్ ఎవరిది?

మన విశాఖలో ఒక మాట బాగా తిరుగుతోంది. ‘మరో చరిత్ర’ పాటనే అమెరికా గాయని బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’ అని పాడిందని, బాలు గారి గొంతు అలా అమెరికా దాకా వెళ్ళిందని. 2020 సెప్టెంబరులో బాలు గారు వెళ్ళిపోయినప్పుడు ఈ సందేశం నా ఫోనుకు అన్ని వైపుల నుంచీ వచ్చింది. పంపినవాళ్ళందరూ ప్రేమతోనే పంపారు. ఆ ప్రేమ నాకూ ఉంది. కానీ ఆ మాట నిజం కాదు. ఆ హడావుడిలో మరుగున పడిపోయింది నేను వాయించే వాద్యం. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. ఎం.వి.పి. కాలనీలో పిల్లలకు నేర్పుతాను, ఫంక్షన్లు ఉన్న రోజుల్లో ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. కాబట్టి ఈ విషయం నాలాంటివాళ్ళే చెప్పాలి.

‘మరో చరిత్ర’ 1978లో వచ్చింది. బాలచందర్ గారు దాన్ని విశాఖపట్నంలోనూ భీమునిపట్నంలోనూ తీశారు. సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్. అదే కథను ఆయన 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీసినప్పుడు కథాస్థలం గోవాకు మారింది, సంగీతం లక్ష్మీకాంత్–ప్యారేలాల్ చేతికి వెళ్ళింది. పాటలు కొత్తవి, బాణీలు కొత్తవి. ‘టాక్సిక్’లో వినిపించే వయొలిన్ ధ్వని ఆ హిందీ సినిమాలోని ‘తేరే మేరే బీచ్ మే’ పాటలోది. మన ‘మరో చరిత్ర’కు దానితో ఉన్న చుట్టరికం కథ వరకే.

ఆ పాట పాడింది లతా మంగేష్కర్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. దక్షిణాది గాయకుడి హిందీ ఎలా ఉంటుందోనని సంగీత దర్శకులు మొదట సందేహించారు. కథలోని కుర్రాడికే హిందీ సరిగా రాదు కదా, ఆ యాసే కావాలని బాలచందర్ గారు పట్టుబట్టారు. చివరికి ఆ పాటకే బాలు గారికి జాతీయ పురస్కారం వచ్చింది. అంత గొప్ప గొంతులు రెండు ఆ పాటలో ఉన్నా, స్వీడన్‌లో ‘టాక్సిక్’ తయారుచేసిన ఇద్దరు సంగీత నిర్మాతలు ఆ గొంతుల జోలికి పోలేదు. వాళ్ళు తీసుకున్నది వయొలిన్లను.

తీసుకోవడం అంటే బాణీ ఎత్తుకోవడం అనుకోకండి. బాణీ ఎత్తుకుంటే మళ్ళీ ఎవరో ఒకరు వాయించాలి. వాళ్ళు చేసినదాన్ని శాంపిల్ అంటారు, అది అలా కాదు. రికార్డులో ఉన్న ధ్వనినే ముక్కగా కోసి, కంప్యూటర్‌లోనో శాంప్లర్ యంత్రంలోనో పెట్టి, శ్రుతీ వేగమూ మార్చుకుని, కావలసిన చోట అతికిస్తారు. అంటే బొంబాయి స్టూడియోలో ఒక రోజు కొందరు వయొలిన్ల మీద కమాను లాగినప్పుడు పుట్టిన ఆ ధ్వనే, ఆ చేతుల బిగువుతో సహా, ఇరవై ఏళ్ళు దాటాక ప్రపంచంలోని డాన్స్ క్లబ్బుల్లో మోగింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అసలు పాట పెట్టుకుని, గాయకులు ఆగిన చోట చెవి పెట్టి వినండి. తారస్థాయిలో వయొలిన్ల గుంపు ఒక్కసారిగా కీచుమంటూ లేస్తుంది. ఒక్క వయొలిన్‌తో ఆ మెరుపు రాదు. పదిమంది ఒకే స్వరం మీదికి జారితే పదీ సరిగ్గా ఒకే క్షణంలో అక్కడికి చేరవు. ఆ వెంట్రుకవాసి తేడాల వల్లే ఆ ధ్వనికి అంచు, మెరుపు వస్తాయి. కీబోర్డ్‌లో ‘స్ట్రింగ్స్’ మీట నొక్కితే అది దొరకదు. మా ఆర్కెస్ట్రా కీబోర్డ్ ఆయన చాలా మంచి వాద్యకారుడు, ఈ మాట ఆయనే ఒప్పుకుంటారు.

ప్యారేలాల్ గారు స్వయంగా వయొలిన్ విద్వాంసుడు. ఆయనకు వయొలిన్ నేర్పిన ఆంథొనీ గోన్సాల్వెస్ గోవా మనిషి. ఆ రోజుల్లో బొంబాయి స్టూడియోల్లో వయొలిన్ వరుసల్లో గోవా వాద్యకారులు ఎంతోమంది ఉండేవారు. లక్ష్మీకాంత్–ప్యారేలాల్ ఎంత పెద్ద వాద్యబృందాన్ని కూర్చోబెట్టేవారో పాత వాద్యకారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా టైటిళ్ళలో సంగీత దర్శకుల పేర్లు పడ్డాయి, గాయకుల పేర్లు పడ్డాయి. మూడో వరుసలో కుర్చీ చివర కూర్చుని నొటేషన్ చూస్తూ వాయించిన మనిషి పేరు ఎక్కడ పడుతుంది? ప్యారేలాల్ గారికి 2024లో పద్మభూషణ్ వచ్చినప్పుడు నేను ఆ వరుసలందరి కోసమూ సంతోషించాను.

‘టాక్సిక్’ సంగతి. క్యాథీ డెన్నిస్ అనే ఇంగ్లండు రచయిత్రి, హెన్రిక్ యోన్‌బాక్, బ్లడ్‌షై అండ్ అవంట్ పేరుతో పనిచేసిన క్రిస్టియన్ కార్ల్‌సన్, పాంటస్ విన్‌బెర్గ్ కలిసి దాన్ని రాశారు. మొదట ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్‌కు వినిపిస్తే ఆమె వద్దన్నారు. అది బ్రిట్నీ దగ్గరికి వెళ్ళి, 2003 నవంబరులో ఆల్బమ్‌లో, 2004 జనవరిలో సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చింది. బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికాలో తొమ్మిదో స్థానం. 2005లో ఉత్తమ డాన్స్ రికార్డింగ్‌గా గ్రామీ కూడా వచ్చింది, అది బ్రిట్నీకి మొదటి గ్రామీ.

హిందీ పాటలో వేర్వేరు చోట్ల ఉన్న వయొలిన్ ముక్కలను కోసి, పక్కపక్కన పెట్టి, ఒకే పలుకులా వినిపించేటట్టు చేశారు. దానికి గిటార్ జోడించారు, స్టాక్‌హోమ్ వాద్యకారుల చేత మళ్ళీ తీగవాద్యాలు వాయింపజేశారు. నా దృష్టిలో ఇది చెవి ఉన్నవాళ్ళు చేసిన పని. ఒక ప్రేమగీతం మధ్య నుంచి రెండు క్షణాల ధ్వని ఏరి, ఇందులో విషం ఉంది, మత్తు ఉంది అని పసిగట్టడం తేలిక కాదు. మనం ఆ పాటను అన్నేళ్ళు విన్నాం. విన్నది గొంతులను మాత్రమే.

ఇది ఊరికే అనడం లేదు. మన ఊళ్ళో నేవీ కుటుంబాలు, స్టీల్ ప్లాంట్ కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఫంక్షన్లలో హిందీ పాటలు అడుగుతారు, ‘తేరే మేరే బీచ్ మే’ తరచుగా వస్తుంది. పల్లవి అయిపోగానే నేను కమాను ఎత్తుతాను. సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాత మైకు అందుకుని దాతల పేర్లు చదవడం మొదలుపెడతారు. సమయం చాలదంటే మొదట కోత పడేది కూడా బిట్‌కే, అంటే గొంతుల మధ్య వచ్చే వాద్య సంగీతానికే. చరణాలు రెండూ ఉండాలి, మధ్య సంగీతం సగం చేయండి అంటారు. గాయకుడు ఊపిరి తీసుకునే విరామంగానే ఆ సంగీతాన్ని చూస్తారు. అది పాట కాదన్నట్టు ప్రవర్తిస్తారు. ఇది నాకు నిజంగా బాధ.

రీమిక్సుల దగ్గరికి వస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. 2004లోనే ‘టాక్సిక్’ను అర్మాండ్ వాన్ హెల్డెన్, ఫెలిక్స్ డా హౌస్‌క్యాట్, పీటర్ రావ్‌హోఫర్ వంటి డీజేలు తలొక విధంగా తిరగరాశారు. రావ్‌హోఫర్ చేసినది 2005లో వచ్చిన బ్రిట్నీ రీమిక్సుల ఆల్బమ్‌లోనూ ఉంది. క్లబ్ రీమిక్సులు నాకు అంతగా పట్టవు. డీజే ఒక పాట నుంచి మరో పాటలోకి జారడానికి వీలుగా, మొదట్లో చాలాసేపు వట్టి డ్రమ్ము దెబ్బలే ఉంటాయి. అది వాళ్ళ పనికి అవసరం, ఇంట్లో కూర్చుని వినేవాళ్ళకు కాదు. అయినా వాటిలో నాకు నచ్చే విషయం ఒకటుంది. రీమిక్స్ చేసేవాడు పాటను విప్పి, ఏది లేకపోయినా పాట బతుకుతుందో, ఏది తీస్తే చచ్చిపోతుందో చూసుకోవాలి. ఆ వయొలిన్ పలుకు తీసేస్తే అది ‘టాక్సిక్’ అని ఎవరు గుర్తుపడతారు?

ఈ మధ్య తొమ్మిదో తరగతి చదివే నా శిష్యురాలు ఒక రీల్ చూపించింది. అందులో ఉన్నది 2022లో ఆల్టేగో అనే సంగీతకారుల జంట విడుదల చేసిన ‘టాక్సిక్ పోనీ’. అమెరికా గాయకుడు జినువైన్ 1996లో పాడిన ‘పోనీ’ పాట తాళం మీద బ్రిట్నీ పాటను కూర్చారు.

“మేడమ్, ఇంత నెమ్మది పాటలో అంత వేగం పాట ఎలా ఇమిడింది?” అని అడిగింది.

“సరళీ స్వరాలు మొదటి కాలంలో పాడి, అదే తాళంలో రెండో కాలం ఎలా పాడతావమ్మా?” అన్నాను.

ఇక చెప్పనక్కర లేకపోయింది. చేతిమీద తాళం వేసుకుని తానే లెక్క చూసుకుంది. ‘టాక్సిక్’ వేగం నిమిషానికి 143 దెబ్బలు, ‘పోనీ’ది దాదాపు 71. ఒకటి మరొకదానికి రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, అంతే. మొదటి వారంలో పిల్లలకు నేర్పే పాఠమే ఆ రీమిక్స్‌కు ఆధారం.

తర్వాత అసలు ప్రశ్న వేసింది. “ఈ బిట్ మన వయొలిన్ మీద పలుకుతుందా మేడమ్?”

పలుకుతుంది. మన పద్ధతిలో కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆన్చుతాం కాబట్టి ఎడమ చేతికి వాద్యాన్ని మోసే పని ఉండదు. ఆ చెయ్యి తీగ పొడవునా స్వేచ్ఛగా జారుతుంది. పాశ్చాత్య పద్ధతిలో ఎక్కడెక్కడ చెయ్యి మార్చాలో చూసుకోవాలి. మనకు జారు గమకం అలవాటే. కష్టమంతా కమాను దగ్గరుంది. మనం పొడవుగా లాగుతాం, ఇక్కడ కమాను మొనతో పొట్టిగా, తీగలను మోసే బ్రిడ్జికి దగ్గరగా కొట్టాలి, ధ్వని కాస్త కరుకుగా రావాలి. కరుకు రాకూడదని ఆ పిల్లకు ఇన్నాళ్ళూ నేనే చెబుతూ వచ్చాను కాబట్టి, చెయ్యి మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు వస్తోంది.

రీల్ చూపించాక అసలు హిందీ పాట వినిపించాను. అందులో వయొలిన్లు రాగానే ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, “వాయించింది ఎవరు?” అని అడిగింది. పాడింది ఎవరని అడగలేదు. ఆ ప్రశ్న నేను ఎంతకాలం ఎదురుచూసిన ప్రశ్నో దానికి తెలియదు. పేర్లు చెప్పలేకపోయాను. ప్యారేలాల్ గారి గురించి, ఆయన గురువు గురించి, ఆ వరుసల గురించి చెప్పాను.

వచ్చే నెల గాజువాకలో మా కార్యక్రమం ఉంది. ‘తేరే మేరే బీచ్ మే’ జాబితాలో ఉంది. ఈసారి ఆ పిల్ల నా పక్కన రెండో వయొలిన్ వాయిస్తుంది, కీబోర్డ్ ఆయన కింది స్థాయి పట్టుకుంటానన్నారు. బిట్ నడిచేటప్పుడు మైకు తీసుకోవద్దని వ్యాఖ్యాతకు ముందే చెప్పి ఒప్పించాం. సమయం చాలకపోతే ఒక చరణం తగ్గించుకోవడానికి మా గాయకుడు కూడా సరేనన్నారు.