నాలుగో బైండర్: మళ్ళీ జీనులా వంగింది, కానీ ఈసారి దొంగ దొరికాడు

ఇంట్లో చేత్తో చేస్తున్న నాలుగో రింగ్ బైండర్ (కాగితాలు రింగులకి తగిలించుకునే అట్టల ఫైలు) ఇది, నిన్న పొద్దున బరువులు తీసి చూస్తే చక్కగా పలకలా ఉంది, అద్దం మీద పెడితే కాగితం దూరే సందు కూడా లేదు, హమ్మయ్య అనుకుని స్నానం చేసి వచ్చేసరికి ముందు అట్ట అంచు లేచి కూర్చుంది. సాయంత్రానికి ఎప్పటిలాగే జీను. గుర్రం మీద వేస్తారే, అచ్చం ఆ షేపు. వరసగా మూడు బైండర్లు ఇలాగే అయ్యాయి. మొదటిది అసలు మూతే పడలేదు కాబట్టి దాన్ని లెక్కలో వెయ్యట్లేదు.

కొలతలు చెప్పేస్తా, అన్నీ ఎంఎంలోనే. పర్సనల్ సైజు, కాగితం 95 × 171, ఆరు రింగులు, వాటి మధ్య దూరాలు 19-19-51-19-19. అట్టలు 115 × 183, 2 ఎంఎం గ్రేబోర్డు (గట్టి బూడిదరంగు అట్ట), స్పైన్ అంటే వీపు 38, హింజ్ అంటే అట్ట మడతపడే చోట గ్యాప్ 7, టర్న్-ఇన్ అంటే లోపలికి మడిచే బట్ట చుట్టూ 15. రింగు 25. మొదటి బైండర్‌కి ఈ 25నే స్పైన్ వెడల్పు అనుకుని బోర్డు 25కి కోసేశా, తీరా చూస్తే బైండర్ల వాళ్ళ భాషలో సైజు అంటే రింగు సైజట, వీపు వెడల్పు కాదట. రింగులు బాగానే మూతపడ్డాయి, అట్టలే పడలేదు.

బాగా వచ్చినవి: రివెట్లు తిన్నగా పడ్డాయి, మూలలు నీట్‌గా మడతపడ్డాయి, స్పైన్ మీద ఫాయిల్ అక్షరాలు మొదటిసారికే అంటుకున్నాయి. సరే.

ఇక అసలు ఏడుపు. అట్ట ఇలా వంగడాన్ని ఇంగ్లీషులో వార్ప్ అంటారు, తమాషా ఏంటంటే బట్టలో పడుగునీ వార్పే అంటారు, మొదట్లో నేను ఒక ట్యుటోరియల్లో "వార్ప్ స్పైన్‌కి సమాంతరంగా ఉండాలి" అని చదివి, అట్ట ఎలాగూ వంగుతుంది, స్పైన్ వెంబడి వంగేలా చూసుకోవాలి కాబోలు అనుకున్నా. నిజంగా. పడుగు అని రాసుంటే ఒక్క క్షణంలో అర్థమయ్యేది.

కొలిచిన పద్ధతి: అట్ట ఒక్కదాన్నే, బట్ట ఉన్న వైపు పైకి పెట్టి, అద్దం మీద ఉంచి, కింద ఎంత సందు ఉందో ఫీలర్ గేజ్‌తోనూ (సందుల్లో దూర్చి కొలిచే పల్చటి రేకులు) స్టీల్ స్కేలుతోనూ చూశా. నాలుగో బైండర్ ముందు అట్ట, బరువులు తీసిన 10 గంటలకి: పై అంచు మధ్యలో, కింది అంచు మధ్యలో సున్నా, అంటే అక్కడ రెండు చోట్లే ఆనుతోంది. నాలుగు మూలలూ 1.5 ఎంఎం. అట్ట నడిమధ్య 3. తెరిచే అంచు మధ్యలో 4.5. వేలితో నొక్కితే టకటకా ఊగుతుంది. అక్క (బైండర్ తనకే) చూసి "ఏరా, ఇది పుస్తకమా ఉయ్యాలా" అంది.

ఈ నంబర్లు చూస్తూ చాలాసేపు కూర్చున్నా. అట్ట ఒకవైపుకే వంగితే అది మామూలు కేసు, బయట బట్ట లాగేస్తోంది, లోపల లైనర్ (అట్ట లోపలివైపు అతికించే కాగితం) తిరిగి లాగలేకపోతోంది అనుకోవచ్చు. ఇక్కడ అలా కాదు, అడ్డంగా చూస్తే బయటికి వంగింది, నిలువుగా చూస్తే లోపలికి. రెండు వంపులు, రెండు దిక్కుల్లో. అంటే బట్ట ఒక దిక్కులో లాగుతోంది, ఇంకెవరో ఇంకో దిక్కులో లాగుతున్నారు.

ఇది తట్టకముందు నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాస్తా, ఎవరికైనా టైం కలిసొస్తుంది. రెండో బైండర్‌కి ఒట్టి పీవీఏ (తెల్ల జిగురు), బ్రష్‌తో, 24 గంటలు బరువు కింద: అంచు మధ్యలో 4. జిగురు త్వరగా ఆరిపోయి సరిగ్గా పరుచుకోవట్లేదేమో అని మూడోదానికి పీవీఏ 60, మిథైల్ సెల్యులోజ్ (నీళ్ళతో కలిపే నెమ్మది జిగురు) 40 కలిపా, రాయడానికి హాయిగా ఉంది, ఫలితం 6 ఎంఎం, ఇంకా ఘోరం. నీళ్ళు ఎక్కువైతే కాగితం ఎక్కువ సాగుతుందని అప్పుడైనా వెలగాలి కదా, వెలగలేదు. నాలుగోదానికి మళ్ళీ ఒట్టి పీవీఏ, ఫోమ్ రోలర్‌తో పల్చగా, బ్లాటర్లు (తడి పీల్చే కాగితాలు) మారుస్తూ 72 గంటలు బరువు. పైన చెప్పిన 4.5 దాని ఫలితమే. మూడు రోజులు తొక్కిపెట్టినంత సేపూ బుద్ధిగా ఉండి, వదలగానే తన దారిన తను వంగింది. ఈ ప్రయత్నాల మధ్యలో, బోర్డు మరీ పల్చగా ఉందేమో అని విడిగా ఒక అట్టని 2.5 ఎంఎం బోర్డుతో చేసి చూశా, 3 ఎంఎం లేచింది, షేపు మాత్రం అదే. ఈ బోర్డు మందం పెంచితే పోతుంది అనే సలహా నాకైతే నచ్చలేదు, జబ్బు తగ్గదు, బైండర్ బరువెక్కుతుంది అంతే.

బోర్డు గ్రెయిన్ (లోపలి పీచు సాగే దిక్కు) వంచి చూశా, నిలువే. బట్ట పడుగు నిలువే. లైనర్ సంగతి చూడనేలేదు, ఎందుకంటే ఆ కాగితం ఏరికోరి లాంగ్ గ్రెయిన్ (పీచు పొడుగు వైపు వెంబడి) అని రాసున్న ఏ4 ప్యాకెట్టే కొన్నా, ఇక దాన్ని అనుమానించడం ఏంటి అని.

రాత్రి చెత్తబుట్టలోంచి లైనర్ కోసిన ముక్క తీసి ఊరికే చింపా. కాగితం గ్రెయిన్ వెంబడే తిన్నగా చిరుగుతుంది. నిలువుగా చింపితే వంకరటింకరగా పోయింది. అడ్డంగా చింపితే గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత చిరాకొచ్చింది.

సంగతేంటంటే నా లైనర్ ముక్క 177 × 110. ఏ4 అంటే 210 × 297, గ్రెయిన్ 297 వెంబడి ఉంటుంది. 177ని 297 వైపు పెట్టి కోస్తే ఒక షీటుకి ఒక్క ముక్కే వస్తుంది, బోలెడు కాగితం వేస్టు. అదే 177ని 210 వైపుకి తిప్పితే 110 + 110 = 220, 297లో హాయిగా పడుతుంది, రెండు ముక్కలు. పొదుపు చేశానని భుజం తట్టుకుంటూ నేను చేసిందల్లా ప్రతి లైనర్‌నీ షార్ట్ గ్రెయిన్ (పీచు పొట్టి వైపు వెంబడి) చెయ్యడం. లాంగ్ గ్రెయిన్ అనే మాట ప్యాకెట్లో ఉన్న షీటుకి వర్తిస్తుంది, దాన్ని కోశాక మన ముక్కకి కాదు. ఏ4ని సగానికి కోసి ఏ5 చేసుకునేవాళ్ళకీ ఇదే గొయ్యి, లాంగ్ గ్రెయిన్ ఏ4ని సగం చేస్తే వచ్చేది షార్ట్ గ్రెయిన్ ఏ5.

నమ్మకం కుదరక అదే కాగితంలో 100 ఎంఎం పట్టీలు రెండు కోశా, ఒకటి గ్రెయిన్ వెంబడి, ఒకటి గ్రెయిన్‌కి అడ్డంగా, జిగురు రాసి రెండు నిమిషాలు ఆగి కొలిచా. గ్రెయిన్ వెంబడిది దాదాపు 100 దగ్గరే ఉంది. అడ్డంది 101.5. అంటే నా 177 ఎత్తు లైనర్ జిగురు తగలగానే రెండున్నర ఎంఎం పైనే పొడుగు పెరుగుతోంది, అలా పెరిగిందాన్ని అతికించేస్తే ఆరాక కుంచించుకుపోతూ అట్టని పైనుంచి కిందకి విల్లులా లాగుతుంది. అడ్డంగా మాత్రం బట్టకి ఎదురు లాగేవాడే లేడు. జీను కాక ఇంకేమవుతుంది. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, ప్రతిసారీ పైనా కిందా 3 ఎంఎం వదలాల్సిన మార్జిన్ ఒకటిన్నరకి వచ్చేది, నా కటింగే సరిగ్గా లేదనుకుని బ్లేడు మార్చా. ఆ ఓల్ఫా కంపెనీ కట్టర్ బ్లేడుకి ఏ పాపం తెలీదు, దాన్ని అనుమానించినందుకు క్షమాపణ.

ఆ రాత్రే కొత్తగా ఒక అట్ట చేశా, అదే బోర్డు, అదే బట్ట, అదే పీవీఏ, 24 గంటలు కూడా లేదు, ఒక్క రాత్రే బరువు, లైనర్ మాత్రం షీటుకి ఒకటే చొప్పున నిలువు గ్రెయిన్‌తో. ఇవాళ బరువు తీసిన 10 గంటల తర్వాత: నడిమధ్య 1 ఎంఎం, రెండు నిలువు అంచులూ అద్దానికి ఆని ఉన్నాయి, ఊగట్లేదు. లోపలివైపుకి ఒక్క పిసరు వంపు, అది నాకు కావాల్సిందే, మూసినప్పుడు అంచు కాగితాల్ని పట్టుకుని ఉంటుంది.

నాలుగోదాని పాత లైనర్ పీకుదామంటే పీవీఏ ఆరాక అట్ట పొర కూడా ఊడొస్తుంది. అందుకని వెనక అట్టకి పాత లైనర్ మీదే సరైన గ్రెయిన్‌తో ఇంకో లైనర్ అతికించి బరువు పెట్టా. సగం తగ్గుతుందని నా అంచనా, నిలువు వంపు మాత్రం ఎక్కడికీ పోదు.

తర్వాతి ప్లాన్లు. రివెట్ తలలు స్పైన్ మీద కనబడుతున్నాయి, అక్క బాగున్నాయంది గానీ నాకు కన్సీల్డ్ (బయటికి కనబడనివి) కావాలి, అంటే బట్ట వెయ్యకముందే మెకానిజం (రింగులుండే లోహపు పట్టీ) బోర్డుకి రివెట్ చేసెయ్యాలి, పనుల వరస మొత్తం మారుతుంది. రింగుల విషయంలో ఇక బేరాల్లేవు, క్రౌజ్ కంపెనీ మెకానిజమే, మూసిన చోట కాగితం పట్టీ లాగి చూస్తే ఆరిట్లో ఒక్కదాంట్లోనూ జారలేదు. రింగులు తెరవడానికి చివర్లో నొక్కే పిన్నుల్లాంటివాటిని బూస్టర్లంటారు, అవి అట్ట అంచుకి తగలకుండా పైనా కిందా చోటు చూసుకోవాలి. డీ-రింగు (ఇంగ్లీషు D ఆకారం రింగులు) కూడా ఒకటి చెయ్యాలనుంది, దాన్ని స్పైన్‌కి కాకుండా వెనక అట్టకి బిగిస్తారు, కాగితాలు ఒకదానిమీదొకటి సమంగా పడతాయి, స్పైన్ అంతా లేబుల్‌కి ఖాళీగా ఉంటుంది.

డెకరేషన్‌కి వస్తే అక్షరాల్ని లోపలికి నొక్కితే డీబాస్, పైకి లేపితే ఎంబాస్, అందరూ రెండిటినీ ఎంబాసింగే అంటారు, నేనూ అలిసిపోయి అదే అంటున్నా. ముందు అట్ట మీద ఫాయిల్ లేకుండా ఒట్టి బ్లైండ్ డీబాస్ ట్రై చేస్తా, బోర్డు 2 ఎంఎం ఉంది కాబట్టి లోతు దిగుతుంది. వినైల్ (పీవీసీ ప్లాస్టిక్) జోలికి మాత్రం పోను, ఆ అంచుల వెల్డింగ్‌కి ఆర్ఎఫ్ (రేడియో తరంగాలతో అతికించే) మెషీన్ కావాలి, పైగా మెత్తదనం కోసం పీవీసీలో కలిపే ప్లాస్టిసైజర్ లేజర్ ప్రింట్ టోనర్‌ని లాగేసుకుంటుంది, నా పాత ఫైల్లో సగం పేజీలు అట్ట మీదే అచ్చయి ఉన్నాయి.

ఏ5కి జిగ్ (చిల్లులు సరైన దూరంలో పడటానికి చెక్క అచ్చు) మొదలుపెట్టా, 19-19-70-19-19, చెక్కలో చిల్లులు అయ్యాయి, 70 గ్యాప్ 70.4 వచ్చింది, మళ్ళీ చెయ్యాలి. లైనర్‌కి ఈసారి ఏ3 తెస్తున్నా, కోసే ముందు ప్రతి షీటు మీదా పెన్సిల్‌తో గ్రెయిన్ బాణం గీసి మరీ.